నీలం చొక్కా ఫొటో

ఫొటోలో కూతురు నీలం చొక్కా వేసుకుని ఆఫీసు బల్ల దగ్గర నవ్వుతోంది. ఆ నీలం చొక్కా తల్లి ఒళ్ళో ఉంది.

గుండీ కుడుతున్న సూది చటుక్కున వేలికి దిగింది. ఆమెకు ఆ సంగతే తెలియలేదు.

“ఏమండీ, ఇటు చూడండి! రోజూలాగే ‘ఆఫీసుకి చేరానమ్మా’ అని ఇప్పుడే ఫొటో పెట్టింది. ఆదివారం గుండీలు ఊడాయని ఈ చొక్కా ఇక్కడ పడేసి వెళ్ళింది కదా, అక్కడికెలా పోయింది?”

“అలాంటిదే ఇంకోటి కొనుక్కుని ఉంటుందిలే,” అన్నాడు భర్త పేపరు చాటునుంచి.

“జేబు మీద ఈ వంకర కుట్టు కూడా కొనుక్కుందా? అది నేను వేసిందే!”

కూతురికి ఫోను చేసింది. స్విచ్చాఫ్. మళ్ళీ చేసింది. అదే మాట. ఇంకేముంది! గదిలో ఒంటరిగా ఉండే పిల్ల. ఎవడో లోపలికి దూరాడు. దాన్ని కట్టిపడేశాడు. ఇంట్లోవాళ్ళకి అనుమానం రాకుండా పాత ఫొటో పంపాడు. లేవబోయింది. కాళ్ళు ఆడలేదు. గోడ పట్టుకుని అక్కడే కూలబడిపోయింది.

భర్త కళ్ళజోడు సవరించుకుని ఫొటో చూశాడు.

“ఓసి పిచ్చిదానా! ఫోను ఆపేసి ఉంటే ఫొటో ఎలా వచ్చింది? ఇది దాని యాప్ పని. ఫొటోలు దానంతటదే ఏరి, సర్ది, ఎవరికి పంపాలో వాళ్ళకి పంపేసే యాప్ తయారుచేస్తున్నానని చెప్పలా? రోజూ ఫొటో పెట్టమని ప్రాణం తోడేస్తుంటే, ఆ పని కాస్తా యాప్‌కి అప్పగించేసింది. ఇప్పుడు ఆఫీసు ఎగ్గొట్టి ముసుగుతన్ని పడుకునుంటుంది నీ కూతురు!”

తల్లి ముఖంలోంచి భయం దిగిపోయింది. కోపం ఎక్కింది.

“అంటే ఇన్నాళ్ళూ యంత్రం చేత నాకు టోపీ పెట్టిస్తోందన్నమాట! దాని సంగతి ఇవాళే తేలుస్తా.”

అంతవరకూ లేవనన్న కాళ్ళు చెప్పులేసుకుని, వీధి దాటి, పరుగున బస్సెక్కాయి. దారి పొడవునా ఆమె తిట్లు కూడబెట్టుకుంటూనే ఉంది. తన దగ్గరున్న రెండో తాళంచెవితో కూతురి గది తలుపు తీసింది.

రాత్రి వేసిన లైటు ఇంకా వెలుగుతోంది. కూతురు మంచం దిగబోయి పడిపోయినట్టుంది, సగం దుప్పటితో నేలమీద ఉంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. చార్జింగ్ అయిపోయిన ఫోను మంచం కింద పడి ఉంది. కూడబెట్టుకున్న తిట్లలో ఒక్కటీ గుర్తు రాలేదు.

“అయ్యో నా తల్లీ! ఎప్పటినుంచే?”

“నిన్న సాయంత్రం నుంచి... లేస్తే కళ్ళు తిరుగుతున్నాయమ్మా.”

చెంచాతో నీళ్ళు పట్టింది. తడిగుడ్డ వేసింది. వీధి చివరి డాక్టరు వచ్చి సూదిమందు ఇచ్చి, వేళకి వచ్చారు, ఇంక భయం లేదన్నాడు. మధ్యాహ్నానికి ఒళ్ళు చల్లబడింది. అప్పుడు గుర్తొచ్చింది తల్లికి, తనకి కోపం వచ్చిందని.

“ఇంత జ్వరంలో పడుంటే ‘చేరానమ్మా’ అని పంపుతుందా నీ దిక్కుమాలిన యాప్? అయితే ఇన్నాళ్ళూ నేను చూసుకుని మురిసినవన్నీ దొంగ ఫొటోలేనా?”

“లేదమ్మా. రోజూ నేనే తీసి పంపాను. ఇవాళొక్కటే అది పంపింది. ఒంటరిగా ఉంటాను కదా, ఎప్పుడైనా లేవలేకపోతే ఎలాగని, తొమ్మిదిన్నరకల్లా నేను కొత్త ఫొటో తియ్యకపోతే, ఆ నీలం చొక్కా ఫొటో నీకు పంపమని ఆఫీసు కంప్యూటర్లో ముందే రాసిపెట్టాను.”

“పోయి పోయి ఆ చొక్కాదే దొరికిందా? అది నా దగ్గరుందని తెలీదూ?”

“తెలీకేం? గుండీలు పీకింది నేనేగా.”

తల్లి తడిగుడ్డ తీసి పక్కన పెట్టింది. “ఆ అఘోరించేదేదో ‘ఒంట్లో బాలేదు, రా అమ్మా’ అని రాయించొచ్చుగా!” అంది.

కూతురు తల జరిపి ఆమె ఒళ్ళో పెట్టుకుంది.

“అలా రాస్తే భయంతో ఉన్నచోటే కూలబడిపోతావు. అదే నేను అబద్ధమాడానని తెలిస్తే, తిట్టడానికైనా పరుగెత్తుకొస్తావుగా!”