ఓంకారం ఆగమంది

"సంతకం పెడ్తవా, పెట్టవా? ఫోర్‌మన్ బండి అయిదింటికి పోతది," అన్నాడు పక్క మంచం భూమేష్, కాగితాన్ని రాజనర్సు మంచం మీద పడేసి.

దాని మీద సంతకం పెడితే బహ్రెయిన్‌లో ఇంకో రెండేళ్లు. పెట్టకపోతే వచ్చే నెల ఇంటికి. ఊళ్లో కట్టుకుంటున్న ఇల్లు పిల్లర్ల దగ్గరే ఆగింది. కూతురు మల్లికకు నాలుగేళ్లు, తండ్రిని ఇంతవరకూ ఫోన్‌లోనే చూసింది. ఎటూ తేల్చుకోలేక రాజనర్సు వారం రోజులుగా నలిగిపోతున్నాడు.

ఫోన్ మోగింది. భార్య ముత్తెమ్మ.

"ఏమాయె? వస్తున్నవా?"

"ఆఁ?"

"వస్తున్నవా అని అడుగుతున్న! ఏదడిగినా ఆఁ అంటవ్. నీ మనసు మా మీద లేదు."

"గట్లనకే. ఇయ్యాల సార్ వస్తుండు. ధ్యానంల కూసోని దేవున్నే అడుగుత. ఆయన ఎట్లంటె అట్ల."

"దేవున్ని అడుగుతవు గని నన్నడుగవు," అని ముత్తెమ్మ ఏడ్చింది.

సార్ అంటే కేశవరావు. సీఫ్ అనే ఖరీదైన పేటలో, పెద్ద ఆఫీసులో ఉద్యోగం. శుక్రవారం సెలవు నాడు హాయిగా ఇంట్లో పడుకోక, ఈ లేబర్ క్యాంపుకు వచ్చి కూలీలకు ధ్యానం నేర్పుతాడు. మనిషి వెన్న. ఆయనను తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాదు.

మంచాల మధ్య చాప పరిచారు. ఎనిమిది మంది కూర్చున్నారు.

"కళ్లు మూసుకోండి. వచ్చే ఆలోచనను రానివ్వండి, పోయేదాన్ని పోనివ్వండి. మనసు సద్దుమణిగితే లోపల ఓంకారం వినిపిస్తుంది. అదే దేవుడి మాట."

పావుగంటకు ఇద్దరు గురక పెట్టారు. మిగతావాళ్లు దొంగచాటుగా ఒక కన్ను తెరిచి టైం చూసుకున్నారు. రాజనర్సు మాత్రం కదల్లేదు. కళ్లు తెరిచేసరికి చెంపలు తడిసి ఉన్నాయి.

"సార్, నాకు ఇనవడ్తంది."

"ఏమిటి?"

"ఆఁ?"

"ఏమిటి వినపడుతోందయ్యా?"

"గదే, ఓంకారం. మూడు నెలల సంది. ఊఁ అని ఒక్కతీరుగ. పండుకున్నా ఆగది."

గదిలో గురకలు కూడా ఆగిపోయాయి. కేశవరావు మొహం పాలిపోయింది. గబుక్కున వంగి రాజనర్సు కాళ్లకు దణ్ణం పెట్టాడు.

"పన్నెండేళ్లబట్టి కూర్చుంటున్నానయ్యా నేను. ఒక్కసారంటే ఒక్కసారి కూడా వినపడలేదు."

రాజనర్సు బెదిరిపోయి కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. "మరి నేనేం చెయ్యాలె సార్? సంతకం పెట్టాల్నా, ఇంటికి పోవాల్నా?"

"మీ ఊళ్లో ఉండగా ఎప్పుడైనా వినిపించిందా?"

"లేదు సార్. ఈడికొచ్చినంకనే."

"ఇంకేం కావాలి? దేవుడు నీకు ఇక్కడ పలికాడు. పలికిన చోటు వదిలి వెళ్తావా?"

రాజనర్సు సంతకం పెట్టాడు. భూమేష్ కాగితం పట్టుకుని ఫోర్‌మన్ బండి దగ్గరికి పరుగెత్తాడు.

ముత్తెమ్మకు చెప్పాలి. చెప్పాడు. "దేవుడే ఆగుమన్నడే," అన్నాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, ఫోన్ పిల్ల చేతికిచ్చింది. మల్లిక ఏదో అంది. "గట్టిగ చెప్పు బిడ్డా," అన్నాడు. పిల్ల మళ్లీ అంది. అది "ఎప్పుడొస్తవ్" అన్నదో, "ఎందుకు రావు" అన్నదో అతనికి తెలియలేదు. ఫోన్ కట్టయింది. అతనికి దుఃఖం ఆగలేదు. అయినా దేవుడి మాట కాదనడానికి తనెంతవాడు!

కేశవరావు గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ రాజనర్సును పక్కకు పిలిచాడు. అడగడానికి సిగ్గుపడుతూనే అడిగాడు.

"నాకూ ఆ రహస్యం చెప్పవయ్యా. ఏ వేళ కూర్చుంటే బాగా వినిపిస్తుంది?"

రాజనర్సు ముందుకు వంగాడు. ఆయన రెండోసారి అడగాల్సి వచ్చింది.

"కూసునుడెందుకు సార్," అన్నాడు రాజనర్సు కళ్లు తుడుచుకుంటూ, "దినమంత కాంక్రీటు పగలగొట్టే మిషన్ పట్టుకోని, పొద్దుగూకంగ బందు పెట్టుండ్రి... రొండు చెవులల్ల ఓంకారమే!"