తుమ్ము పాట

ఆ టేపులో ముగ్గురికీ ఎక్కువ ఇష్టమైనది ఒక తుమ్ము.

హిందూపురంలో అమృతవల్లమ్మ చీరల అంగడి మిద్దె మీద ప్రతి ఆదివారం పొద్దున వాళ్ళు చేరతారు. వల్లమ్మ, పెనుకొండ నుంచి గిరిధర్, ధర్మవరం నుంచి డేవిడ్. ముగ్గురికీ జాజ్ సంగీతమంటే పిచ్చి. బజారు వాళ్ళకు ఆ పేరు నోరు తిరగక, వీళ్ళకు 'జాజిపూల సంఘం' అని పేరు పెట్టేశారు.

"చిన్నప్పుడు మిద్దె మీద రాగి తీగ కట్టి, రేడియోలో యాడాడి దేశాల స్టేషన్లు పట్టేవాణ్ణి," అన్నాడు గిరిధర్. "సగం పాట, సగం గరగర."

"నీ మాటలూ అంతే కదన్నా," అన్నాడు డేవిడ్.

"రేడియోదేముంది? క్లబ్బులో ఎదురుగా కూచోని ఇన్నది నేనొక్కదాన్నే," అంది వల్లమ్మ.

అదీ నిజమే. నలభై ఏళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో, భర్త మనోహర్ ఆమెను బెంగళూరు క్లబ్బుకు తీసుకుపోయాడు. ఆ రోజు కచేరీయే ఈ టేపు. ట్రంపెట్ పైపైకి పోతుంటే ఎవరో తుమ్మారు. ఆ వెంటే 'ఓ, బ్లెస్ యూ' అని ఒక మాట. ట్రంపెట్ రెండే రెండు స్వరాల్లో తుమ్ముకు జవాబిచ్చింది. క్లబ్బంతా నవ్వింది.

బయట ఎవరైనా తుమ్మితే అంగడి తలుపు తీయకుండా ఆగిపోయే వల్లమ్మ, ఈ తుమ్ము కోసం మాత్రం చెవి కోసుకుంటుంది.

ఆ రోజు పాట అయిపోగానే మనోహర్ లేచి, "మా వల్లి కోసం ఇంకోసారి," అని కేకేశాడు. టేపు మాత్రం ఆ కేకకు ముందే తెగిపోతుంది. క్యాసెట్ షాపువాడు ఎక్కించింది అంతే.

మనోహర్ పోయి తొమ్మిదేళ్ళు. ఫోటోలు గోడ నిండా ఉన్నాయి. గొంతు ఎక్కడా లేదు.

"తుమ్ము అంత దగ్గరగా ఇనబడతాదంటే, అది టేపు చేసినోడిదే," అన్నాడు గిరిధర్. "పక్కనుండే దొర, మనం చిరంజీవ అన్నట్టు, బ్లెస్ యూ అన్నాడు చూడు, మర్యాదంటే అదీ."

"ఆ తుమ్మినాయన యాడుండాడో. మిగిలిన టేపు ఆయన కాడే ఉంటాది," అంటూ వల్లమ్మ మీట నొక్కింది.

అప్పుడే మెట్ల మీద ముందు వాసన వచ్చింది, వెనక మనిషి వచ్చాడు.

నశ్యం కంపు. ముక్కు కింద గోధుమరంగు చార. చొక్కా ముందంతా అదే మరక. చంకలో గుడ్డ సంచి, దానికీ అదే.

"ఇంగ్లీషు పాటలు ఇనేది ఈడేనామ్మా? మాది ఓబులదేవరచెరువు. మీరు ఫోన్లో పెట్టిన పాట ముక్క మా మనవరాలు ఇనిపించింది."

వల్లమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆయన పోయి టేపు పక్కనే చతికిలబడి, డబ్బీ తీసి, చిటికెడు నశ్యం ఎక్కించాడు.

సరిగ్గా ట్రంపెట్ పైకి పోయేటప్పుడు తుమ్మాడు.

తుంపర్లు టేపురికార్డరు మీదా, వల్లమ్మ మోచేతి మీదా పడ్డాయి. టవలులో మూతి దాచుకుని ఏదో దేవుణ్ణి తలుచుకున్నాడు. టేపులోని తుమ్ము ఎప్పుడొచ్చి పోయిందో ఎవరికీ తెలియలేదు.

వల్లమ్మ మోచెయ్యి కొంగుతో తుడుచుకుంది. మీట ఆపేసింది.

"ఏమప్పా, నలుగురిలోకి వచ్చేటప్పుడు ముక్కు బయట చీదుకొని రాకూడదా?"

"నశ్యం అలవాటమ్మా, వయసులో బెంగళూరులో పనిచేసేటప్పుడు పట్టుకున్నది," ఆయన నవ్వాడు. పళ్ళకూ అదే రంగు. సంచిలోంచి గుండ్రటి రేకు డబ్బా సగం బయటికి లాగాడు. "మిగిలింది దీంట్లో ఉండాది."

"మిగిలిన కూడు ఈడ విప్పొద్దు. కింద అరుగు మీద కూచోని తిను, పో."

"కూడు కాదమ్మా..."

"ఏదైనా సరే. లే ముందు. చూస్తాంటేనే వాంతికొస్తాండాది."

ఆయన మిగతా ఇద్దరి వైపు చూశాడు. గిరిధర్ ఫ్యాను వైపు చూశాడు. డేవిడ్ గుడ్డతో టేపురికార్డరు తుడుస్తున్నాడు.

"సరేమ్మా, పోతా. డబ్బా మీకోసమే మోసుకొచ్చినా. ఉండనీ," అని సంచి అక్కడే పెట్టి దిగిపోయాడు.

"పీడ పోయింది," అన్నాడు గిరిధర్. "దీన్నేం చేద్దామక్కా?"

కింద చెత్త ఆటో పాట వేసుకుంటూ వస్తోంది. వల్లమ్మ సంచిని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను తోక పట్టి మోసినట్టు, మొహం పక్కకు తిప్పుకుని కిందికి మోసుకుపోయింది. లోపల గుండ్రటిదేదో కదిలింది. రొట్టెలే అనుకుని ఆటోలో పడేసింది. ఆటో సందు మలుపు తిరిగి పోయింది.

చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని పైకొచ్చింది.

"తుమ్ము కాడికి తిప్పు డేవిడ్. ఆ మనిషి తుమ్ము నా చెవిలోంచి పోవాల."

డేవిడ్ తిప్పాడు. ట్రంపెట్ పైకి పోయింది. తుమ్ము వచ్చింది. దాని వెనకే వచ్చే మాటను ఎప్పటిలాగే తానూ పలుకుదామని గిరిధర్ నోరు తెరిచి, తెరిచినట్టే ఉండిపోయాడు.

ఇన్నేళ్ళుగా వాళ్ళు మురిసిపోయిన ఆ మాట 'ఓ, బ్లెస్ యూ' కాదు. ఇందాక వాళ్ళ మధ్యే టవలు చాటున గొణిగిన గొంతుతోనే, తుమ్మినాయన తన ఊరి దేవుణ్ణి "ఓబులేసూ" అని తలుచుకుంటున్నాడు.