పొగ వాసన చీర

ఇళ్ళలో పొయ్యిలన్నీ పోయి, వంటంతా యంత్రాలే చేస్తున్న రోజులవి. కట్టెల మీద పిజ్జా కాల్చే హోటల్ విశాఖ మొత్తానికీ ఒక్కటే. అక్కడ తిని వచ్చామని ఎవరికీ చెప్పక్కర్లేదు, బట్టలకంటిన పొగ వాసనే చాటుతుంది.

అందుకే పద్మలోచన కొత్త చీర కట్టుకుని, పొయ్యి పక్కనే కూర్చుని, మాడిన అంచులతో సహా పిజ్జా తిన్నంతసేపూ కొంగు పొగవైపే పరిచింది. పాత నేత చీరలో వచ్చిన అత్తగారిని చూస్తే మాత్రం తల కొట్టేసినట్టయింది.

తిరిగొచ్చాక, లిఫ్టులో పక్కింటి సుభాషిణి ముక్కుపుటాలెగరేసింది.

"పిజ్జా తినొచ్చారా పిన్నిగారూ? అదృష్టవంతులు!" అంది అత్తగారితో.

తన కొత్త చీర ఏ వాసననైనా దానంతటదే కడిగేసుకునే రకమని పద్మలోచనకి అప్పుడు గుర్తొచ్చింది.

"అత్తయ్యా," అంది ఇంట్లో అడుగుపెడుతూనే, "రేపు పేరంటానికి మీ చీర ఇస్తారా? ఉతక్కండేం!"