జైలు వీరయ్య

జైలుకెళ్ళొచ్చిన మనిషికి బుగ్గలెలా వస్తాయన్నది దుర్గాప్రసాద్‌ను చిన్నప్పటి నుంచీ వదలని సందేహం. ఆ బుగ్గల వీరయ్య ఇప్పుడు నూజివీడు బస్టాండు ఎదురుగా ఉన్న అతని ట్రావెల్స్ ఆఫీసులో, సరిగ్గా ఫ్యాను కిందికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పక్కన భార్య సరోజ, ఒళ్ళో సంచితో.

“బాబాయ్, నీ వీసా కాగితంలో ఇదొక్కటే మిగిలింది. ఎప్పుడైనా ఏ కేసులోనైనా శిక్ష పడిందా?”

“పడకపోవడమేంట్రా! పడింది అని కొట్టు,” అన్నాడు వీరయ్య, తుండుగుడ్డ భుజం మార్చుకుంటూ. “ఆగిరిపల్లిలో ఎవర్నడిగినా చెబుతారు.”

ఎవర్నీ అడగక్కర్లేదు, ఆయనే చెబుతాడు. ముప్పయ్యేళ్ళ కిందట మొగుడూ పెళ్ళాలిద్దరూ బెజవాడ మార్కెట్టుకి మామిడికాయ తోలుకెళ్ళారు. టన్నుకు క్వింటా చొప్పున తరుగు కింద కొట్టేస్తామన్నారట వ్యాపారులు. రైతులు లారీలకు అడ్డంగా పడుకున్నారు. జరిమానా కట్టి పొమ్మంటే, తప్పు చేసినవాళ్ళను కట్టమనండి అని జడ్జిగారి మొహం మీదే అనేసి, పదిహేను రోజులు రాజమండ్రి జైల్లో కూర్చున్నాడట వీరయ్య. అప్పటి నుంచీ ఊళ్ళో ఆయన జైలు వీరయ్య. ఏటా కోతల ముందు రైతుసంఘం వాళ్ళు శాలువా కప్పుతారు. ఆయన జైలుకూడు గురించి అరగంట చెబుతాడు. మొదట్లో అందులో పురుగులే ఉండేవి. ఈమధ్య తేలు కూడా చేరింది.

అప్పట్లో పక్కింట్లో ఉండే ప్రసాద్ తల్లి మాత్రం ముక్కున వేలేసుకుంది. “జైలుకెళ్ళినాయన నిగనిగలాడుతూ వచ్చాడు. అట్నుంచటే పుట్టింటికెళ్ళిన సరోజేమో చిక్కి సగమై వచ్చింది. మొగుడి మీద బెంగ కాబోలు.”

“శిక్ష ఉందని రాస్తే వీసా ఆగిపోద్దా నాయనా?” సరోజ అడిగింది.

వాళ్ళ భజన బృందం ఆస్ట్రేలియా చూసి రావడానికి వెళుతోంది. చీకటిపడ్డాక సముద్రంలోంచి వరసగా నడిచొచ్చే పెంగ్విన్లను సరోజ టీవీలో చూసింది. అవి గుర్తొస్తే భజన మధ్యలోనైనా నవ్వుతుంది. ఆవిడ అడిగి మరీ కోరుకున్నది బతుకులో ఇదొక్కటే.

“ఈమాత్రం శిక్షకి తలుపు వేసెయ్యరు పిన్నీ. ఏడాదీ ఆ పైనా పడితేనే చిక్కు. కానీ ఉన్నది దాచామనుకో, ఆ అబద్ధం బయటపడితే మూడేళ్ళు అటువైపు చూడనివ్వరు.”

సరోజ సంచిని దగ్గరికి లాక్కుంది. ప్రసాద్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

“అయితే బాబాయ్, తీర్పు నకలు జతచెయ్యాలి. ఏ కోర్టు? ఏ సంవత్సరం?”

“ఎప్పటి కాగితాలో ఇప్పుడు ఎవరి దగ్గరుంటాయిరా?”

“కోర్టులో ఉంటాయి. లాయరుకి చెప్పి నేను తీయిస్తాగా. ఒక కాపీ ఫ్రేము కట్టించి సంఘం ఆఫీసులో కూడా పెడదాం.”

వీరయ్య తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. భార్య వైపు చూశాడు. ఆవిడ గోడమీది శోభనాచలస్వామి క్యాలెండరు చూస్తోంది.

“లేదు అని కొట్టు,” అన్నాడు.

“ఇందాక ఉందన్నావు?”

“లేదురా. నేను జైలుకెళ్ళలేదు.”

ఇన్నేళ్ళ సందేహం తీరినందుకు ప్రసాద్‌కు కడుపు నిండినట్టయింది. అయినా అంతటితో వదలబుద్ధి కాలేదు.

“మరి ఆ పదిహేను రోజులు ఎక్కడున్నావు?”

“మైలవరం. మా అక్క ఇంట్లో. అటక మీద.”

“అటక మీదా! మరి తిండి?”

“పైకే అందించేది.”

“బాగానే అందించింది పాపం. మరి తేలు?”

“అది నిజమే. అటక మీద కుట్టింది.”

ప్రసాద్ పగలబడి నవ్వాడు. “అంటే, లాఠీ కనపడగానే పరుగందుకున్నావన్నమాట. మరి ఊరంతటి చేతా దండాలు పెట్టించుకోవడం ఎందుకు బాబాయ్?”

“మా అమ్మే అట్లా చెప్పమంది. ఇంటి పరువు పోద్దని.”

“భలే పరువు! అటకెక్కితే పోయేది, జైలుకెళ్ళానంటే నిలబడిందా? పిన్నికి తెలుసా ఇదంతా?”

“తెలుసు,” అంది సరోజ, క్యాలెండరు మీదనుంచి చూపు తిప్పకుండానే.

ప్రసాద్‌కు ఆవిడ మీద జాలేసింది. ఇలాంటి మొగుణ్ణి నలుగురిలో వీరుడని ఒప్పుకుంటూ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది మహాతల్లి. వీరయ్య కాగితంలో ‘లేదు’ అని టకటకా కొట్టి, సరోజ కాగితం తెరిచాడు.

“నిన్నీ ప్రశ్న అడిగితే పాపం తగులుద్ది పిన్నీ. లేదు అని కొట్టేస్తున్నా.”

“ఆగు నాయనా. నేను రానులే. ఆయన్ని పంపించు.”

“అదేంటి? పెంగ్విన్లు చూడాలన్నది నువ్వే కదా?”

“టీవీలో చూశాగా. అవే ఇవి.”

సిగ్గుతో చచ్చిపోతోందనుకున్నాడు ప్రసాద్. “ఈయన చేసిన ఘనకార్యానికి నువ్వెందుకు మానుకోవాలి? నేనెవరికీ చెప్పనులే. ఇదిగో, కొట్టేస్తున్నా.”

వీరయ్య లేచొచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

“అబద్ధం రాయకు ప్రసాదూ. దాన్ని వెళ్ళనీ.”

“ఇందులో అబద్ధమేముంది బాబాయ్?”

“జైలుకెళ్ళింది మీ పిన్ని.”