వేలి పరీక్ష

“కాలిపోతోంది!” అంటూ రేడియో మెకానిక్ చిప్పు మీద నుంచి వేలు తీసేశాడు. “రెండోసారీ తప్పావు. ఇంకొక్క ఆదివారం ఇస్తున్నా. అప్పటికీ ఇది చల్లబడకపోతే మా అమ్మాయి సంగతి మరిచిపో బాబూ.”

లిఫ్టు మెకానిక్ మొహం మాడిపోయింది. సొంతంగా ఒక హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ తయారుచేయాలి. దాన్ని గంటసేపు పాడించాలి. అప్పుడు ఆయన చిప్పు మీద వేలు పెట్టి “చల్లగా ఉంది” అనాలి. అంటేనే పెళ్లి. ఎనిమిదంతస్తుల లిఫ్టుతో కుస్తీ పట్టే మనిషికి, ఎనిమిది కాళ్ళున్న ఈ గోరంత చిప్పు లొంగడం లేదు.

“పోనీ, థర్మామీటరు పెట్టి చూద్దామా అంకుల్?” అన్నాడు ఆశ చావక.

“థర్మామీటరా? ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈ వీధి వీధంతా నమ్మిన వేలయ్యా ఇది!”

ఆ మాట నిజమే. ఎవరి సెట్టు మూగబోయినా ఆయన దగ్గరికే తెస్తారు. ఆయన కళ్ళు మూసుకుని, లోపలి చిప్పు మీద వేలు ఆనించి, తల ఒక పక్కకి వాల్చి, కాసేపాగి తీర్పు చెబుతాడు. ఆ తీర్పు ఇంతవరకూ తప్పింది లేదు.

పక్కనే ఆయన భార్య గుడ్డ పట్టుకుని బల్ల తుడుస్తోంది. ఆవిడకి శుభ్రం పిచ్చి. పరీక్ష మొదలవబోతుంటే కూడా ఆగదు, మూత తీసిన పెట్టెలో వేలు పెట్టి, దుమ్ము తీసి చూపిస్తుంది. సోల్డరింగ్ పొగ పడదు కాబోలు పాపం, రెండు పరీక్షల్లోనూ పొడిదగ్గు దగ్గింది. అంత దిగులులోనూ అతనికి ఆవిడ మీద జాలేసింది.

గుమ్మం దాకా సాగనంపడానికి అమ్మాయి వచ్చింది.

“చిప్పుకి అల్యూమినియం రెక్కలు తగిలించాను. చిన్న ఫ్యాను కూడా పెట్టాను. ఇంకేం చెయ్యను చెప్పు?” అన్నాడు.

“జ్వరమొస్తే విసనకర్రతో విసురుతారా? ఎందుకొచ్చిందో చూడాలి గానీ. పాట ఆపేసినా కాలుతోందా?”

“ఆపినా అంతే.”

“పాట లేనప్పుడు అది లోపల ఏం చేస్తున్నట్టు?”

ఆ ప్రశ్న అతన్ని వారమంతా తినేసింది. కరెంటు కదలికని తెర మీద గీతగా చూపించే స్కోపు ఒకటి స్నేహితుడి దగ్గర అరువు తెచ్చి తగిలించాడు. పాట లేదు, హెడ్‌ఫోన్లో చిన్న చప్పుడైనా లేదు. కానీ తెర మీద ఒక అల ఎగిరెగిరి పడుతోంది. ఏ చెవికీ అందనంత సన్నటి గొంతుతో చిప్పు ఆగకుండా కేకలు పెడుతోంది. కాలదా మరి!

కారణం వెతికితే తన చేతుల్లోనే దొరికింది. లిఫ్టు పనిలో ప్రతి తీగకీ బారెడు వదులు ఉంచి, చుట్టచుట్టి కట్టడం అలవాటు. అగ్గిపెట్టెలో పట్టే పనికీ అలాగే ముచ్చటగా చుట్టలు చుట్టి పెట్టాడు. ఆ చుట్టలే చిప్పుకి పిచ్చెక్కిస్తున్నాయి. తనని తాను తిట్టుకుని, తీగలన్నీ అంగుళానికి కత్తిరించాడు. చిప్పు కాళ్ళ పక్కనే ఒక చిన్న కెపాసిటర్ అతికించాడు. తెర మీద అల పడుకుంది. చిప్పు మీద వేలు పెట్టి వంద దాకా లెక్కపెట్టాడు. అంత సంతోషం అతనికి మొదటి జీతం రోజున కూడా కలగలేదు.

ఆదివారం పొద్దున్నే ఆంప్లిఫయర్‌తో పాటు ఒక దగ్గు మందు సీసా కూడా తీసుకుని వెళ్ళాడు.

గంట గడిచింది. ఆవిడ అందరికీ టీ ఇచ్చింది. ఒక చేత్తో తన కప్పు పట్టుకునే, రెండో చేత్తో పెట్టెలో దుమ్ము తీసింది. రేడియో మెకానిక్ కళ్ళు మూసుకుని, వేలు ఆనించి, తల వాల్చాడు. అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటోంది.

సరిగ్గా అప్పుడే ఆవిడకి టీ పొలమారింది.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొహం కందగడ్డలా అయింది. గబుక్కున నోట్లో గుడ్డ కుక్కుకుని, ఒక్క పరుగున వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసేసుకుంది.

ఆయన ఇంకాసేపు ఆగాడు. తర్వాత కళ్ళు తెరిచి, బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు.

“చల్లగా ఉందయ్యా! కుండలో నీళ్ళలా ఉంది! అమ్మాయ్, మీ పెదనాన్నకి ఫోన్ చెయ్యి, ముహూర్తం చూడమని!”

అమ్మాయి ఎగిరి గంతేసింది. కాబోయే అల్లుడికి మాత్రం వంటింట్లో కుళాయి చప్పుడూ, దాని వెనక ఉక్కిరిబిక్కిరిగా దగ్గూ వినిపించాయి. సీసా పట్టుకుని పరుగెత్తాడు.

“అత్తయ్యగారూ, ఒక్క చెంచా తాగండి. ఈ పొడిదగ్గు ఎన్నాళ్ళని భరిస్తారు?”

ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఊపిరి కూడదీసుకుని, ఫక్కున నవ్వింది. సీసా తిరిగి అతని చేతిలోనే పెట్టింది.

“ఇది నీ దగ్గరే ఉంచు నాయనా. నేను ఊళ్ళో లేని రోజున ఇక దగ్గాల్సింది నువ్వే.”

“నేనా? నేనెందుకు?”

ఆవిడ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“చిప్పు కాలుతుంటే ఎవరో ఒకరు ముట్టుకుని దగ్గాలిగా బాబూ! సోల్డరింగ్ చేసీ చేసీ మీ మామగారి వేళ్ళకి స్పర్శ పోయి తొమ్మిదేళ్ళయింది.”