అందని విప్

బెల్ మోగింది. శేషయ్య చేతిలో కప్పులోంచి సగం కాఫీ లుంగీ మీద ఒలికింది.

"తలుపు తియ్యకు!" అంటూ ఆయన ఒక్క ఉరుకున లాండ్రీ గదిలోకి దూరి, వాషింగ్ మెషీను పక్కన నక్కాడు. అసెంబ్లీలో బల్లలు గుద్ది మరీ మాట్లాడే ఎమ్మెల్యే, కివీల దేశంలో మౌంట్ ఆల్బర్ట్‌లో మేనకోడలి ఇంట్లో తడిబట్టల మధ్య ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

ఇంద్రజ తలుపు తీసి, ఎవరితోనో రెండు మాటలు మాట్లాడి, మళ్ళీ వేసింది.

"కొరియర్ మామయ్యా. నా షూస్ వచ్చాయి. బయటికి రండి."

"సంతకం పెట్టావా? దాని మీద నా పేరుందా?"

"నా షూస్ మీద మీ పేరెందుకుంటుంది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆయన పని. బయటికి వచ్చాడు గానీ తలుపు దగ్గరికి పోలేదు. బ్లైండ్స్ సందులోంచి వీధిలోకి చూశాడు. ఎదురింటి కివీ ముసలాయన గడ్డి కోస్తున్నాడు. పాపం, ఆయన మీద కూడా అనుమానం వచ్చింది శేషయ్యకి.

"అసలు మీ పార్టీ పంపే ఆ విప్ కాగితం మీ చేతికొస్తే ఏమవుతుంది మామయ్యా? ఇంత భయపడుతున్నారు?"

"కొంప మునుగుద్ది అమ్మాయ్. సోమవారం సభలో బలపరీక్ష. మా ముఖ్యమంత్రి కుర్చీ నా ఒక్క ఓటు మీద నిలబడుంది. నేను ఆ రోజు అక్కడ లేకపోతే చాలు, మంత్రి పదవి ఇస్తానన్నాడు అవతలి పార్టీ నాయకుడు. కానీ పార్టీ విప్ అందుకున్నాక కూడా వెళ్ళలేదనుకో, ఉన్న పదవి ఊడుద్ది. అందకపోతే? నాకు తెలీదు మొర్రో అని స్పీకర్ దగ్గర మొత్తుకోవచ్చు."

"ఫోన్‌లో పంపిస్తే?"

"అందుకేగా విమానం ఎక్కకముందే ఫోన్ ఆపేశాను! ఇక నా చేతిలో పెట్టి ఫొటో తీసుకోవాల్సిందే. ఇంత దూరం ఎవడొస్తాడు?" అన్నాడు గానీ, ఆ మాట అంటూనే మళ్ళీ కిటికీ వంక చూశాడు.

"ఇక్కడ ఇంత గోల ఉండదు మామయ్యా. వెల్లింగ్టన్‌లో పార్లమెంటులో చాలావరకు ఒక్కో పార్టీ తరఫున ఒకళ్ళు లేచి మావాళ్ళ ఓట్లు ఇన్ని అని చెప్పేస్తారు. అందరూ వచ్చి కూర్చోనక్కర్లేదు."

"కూర్చోకుండానే ఓట్లా? మరి క్యాంపులు ఎట్టా పెడతారమ్మా?" ఆ దేశం మీద నిజంగానే జాలేసింది శేషయ్యకి.

ఇంద్రజకి నవ్వొచ్చింది.

"నవ్వకమ్మాయ్. ఇదొక్కటే నాకు తెలిసిన పని. రేపు మాజీ అయితే మా వీధి కుక్క కూడా నన్ను చూసి తోక ఊపదు." ఇంద్రజ నవ్వు ఆపేసింది.

మళ్ళీ బెల్.

శేషయ్య బ్లైండ్స్ కాస్త పక్కకి జరిపాడు. గుమ్మం ముందు నలుగురు మనుషులు. ఒంటి మీద కోట్లు. ఒకాయన చేతిలో పెద్ద సంచి. శేషయ్య వెనక్కి తగ్గేలోపే ఆ సంచి పట్టుకున్నాయన కిటికీ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"ఎమ్మెల్యే గారూ, నమస్కారమండీ!"

"మన తెలుగు సంఘం మధుసూదనరావు అంకుల్ మామయ్యా," అంది ఇంద్రజ. "చూసేశారుగా, ఇక తియ్యకపోతే బాగుండదు."

నలుగురూ లోపలికొచ్చారు. శేషయ్య గోడకి ఆనుకుని, చేతులు రెండూ వెనక్కి దాచుకుని నిలబడ్డాడు.

"నేనిక్కడున్నానని ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలాండీ? నిన్న హెండర్సన్‌లో కూరగాయలు కొంటుంటే చూశాం. టోపీ పెట్టుకుంటే మాత్రం ఆ మీసం దాగుద్దా?"

"ఆ సంచిలో ఏముంది?"

"శాలువా అండీ!"

"దులపండి."

మధుసూదనరావు శాలువా తీసి, మడతలు విప్పి గట్టిగా దులిపాడు. కాగితం ముక్క కూడా రాలలేదు. శేషయ్య అప్పటికి ఊపిరి పీల్చుకున్నాడు.

"మీలాంటి ప్రజానాయకుడు మా ఊళ్ళో అడుగుపెడితే ఊరికే పంపిస్తామాండీ? రెండు నిమిషాలు, మీ ఓపిక."

ప్రజానాయకుడు! ఆ మాట చెవిన పడి ఎన్నాళ్ళయిందో. దాక్కునీ దాక్కునీ తానెవరో తనకే మరుపొచ్చేలా ఉంది. శేషయ్య గదిలోకి వెళ్ళి ఖద్దరు చొక్కా తొడుక్కుని, మీసం దువ్వుకుని వచ్చాడు. శాలువా కప్పారు. నలుగురూ నలభై మంది పెట్టు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత సంచి అడుగు నుంచి బంగారు రంగు అంచుతో అద్దం బిగించిన ఫ్రేము పైకి తీశాడు మధుసూదనరావు.

"సన్మానపత్రమండీ. చదివి వినిపించమంటారా?"

"ఎందుకయ్యా! ఇలాంటివి మా ఇంట్లో అటక నిండా ఉన్నాయి. అన్నిట్లో రాసేది ఒకటేగా." శేషయ్య రెండు చేతులా అందుకుని గుండెలకి హత్తుకున్నాడు.

"కాస్త ఇటు తిప్పి పట్టుకోండి సార్. అక్షరాలు పడాలి. ఆఁ, నవ్వండి!"

నిండుగా నవ్వాడు శేషయ్య. ఫొటో తీశారు, వీడియో తీశారు. కాఫీ తాగమంటే ఇంకో పనుందని చెప్పి వెళ్ళిపోయారు.

కారు కదిలిన చప్పుడు విని శేషయ్య సోఫాలో కాళ్ళు చాపుకున్నాడు. ఆ ఇంటికొచ్చాక ఆయన వెన్ను వాల్చి కూర్చోవడం అదే మొదటిసారి.

"చూశావా అమ్మాయ్, ఎక్కడికెళ్ళినా జనం నన్ను వదలరు. ఏదీ, నన్నేమని పొగిడారో చదువు, విందాం."

ఇంద్రజ ఫ్రేము చేతిలోకి తీసుకుంది. చదవబోయి, తడబడి, మామయ్య మొహంలోకి చూడలేక అద్దం వంకే చూస్తూ చదివింది.

"'సోమవారం సభకు తప్పక హాజరై, విశ్వాస తీర్మానానికి అనుకూలంగా ఓటు వేయవలసిందిగా శ్రీ శేషయ్య గారికి ఇందుమూలంగా విప్ జారీ చేయడమైనది.'"