గోడకెక్కిన థర్మన్ తాత

"నాకు నలతగా ఉంది, నేను రాను," అన్నాడు థర్మన్ తాత.

"వస్తావు. చొక్కా తొడుక్కో," అంది భార్య లూవీనియా.

చొక్కా అంటే మామూలుది కాదు. ఏటా వాళ్ళ వంశమంతా ఒకచోట కలిసేటప్పుడు అచ్చువేయించుకునే టీషర్టు. దాని మీద అరవై ఏళ్ళనాటి పేపర్ ఫోటో. నల్లవాళ్ళ ఓటు హక్కు కోసం అమెరికాలోని అలబామాలో ఊరేగింపు. ముందు వరసలో లూవీనియా, ఆవిడ చెయ్యి పట్టుకుని, నోరు బార్లా తెరిచి థర్మన్. కింద 'మా మూలాలు ఇవే' అని పెద్దక్షరాలు. ఆ ఫోటో వల్ల అప్పట్లో కలప మిల్లులో ఆయన ఉద్యోగం పోయింది. ఆ ఫోటో వల్లే పేటకి పెద్దమనిషి కూడా అయ్యాడు.

ఇప్పుడు దాన్ని పేటలో గోడంత బొమ్మగా వేయించారు, ఇవాళే ఆవిష్కరణ. ఆ గోడ ఒకప్పుడు మంగలి షాపుది, ఇప్పుడు కాఫీ హోటల్‌ది. పేటలో సగం ఇళ్ళు చేతులు మారాయి. కుక్కపిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తెల్లవాళ్ళు కుర్చీలన్నీ నింపేస్తే, పేటలోని నల్లవాళ్ళ చర్చి ఆడవాళ్ళు విసనకర్రలు విసురుకుంటూ వెనకాల నిలబడ్డారు.

మనవరాలు కియానా మైకు అందుకుంది. పేటలో ఇళ్ళు కూల్చొద్దని రోడ్డు మీద బైఠాయించి, మొన్ననే జైలుకెళ్ళి వచ్చిన పిల్ల.

"భయమేసినప్పుడల్లా ఈ ఫోటోనే చూసుకుంటాను. నాది మా తాత రక్తం!" అంది.

చప్పట్లు మారుమోగాయి.

"ఎప్పుడడిగినా మాట దాటేస్తావు. ఇవాళ చెప్పాల్సిందే తాతా! అప్పుడు ఏ పాట పాడుతున్నావు?"

"పాట కాదే తల్లీ..."

"మరి నినాదమా?"

పిల్ల కళ్ళలో మెరుపు చూసి తాతకి కాదనడానికి నోరు రాలేదు. "అలాంటిదే," అని గొణిగాడు.

"అయితే మా అందరిచేతా అనిపించు!"

జనమంతా లేచి పిడికిళ్ళు బిగించారు. తాత బిక్కమొహం వేసుకుని భార్య వైపు చూశాడు. ఆవిడ నవ్వాపుకుంటూ ఆయన చెవి దగ్గరికి వంగింది.

"'ఇంటికి పదవే, మిల్లు దొర చూశాడంటే నా ఉద్యోగం ఊడుతుంది' అని నా చెయ్యి పట్టి వెనక్కి లాగుతూ అరిచావుగా ముసలాయనా, అదే అనిపించు మరి!"